మీరడిగారు, నేను చెప్తున్నా: ఈ నెల అన్నీ నార్తంబర్లాండ్ ప్రశ్నలే

న్యూకాజిల్‌లో చదువుకునే మన పిల్లలు ఎక్కువయ్యారు కదా, అందుకేనేమో ఇంగ్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న నార్తంబర్లాండ్ కౌంటీ గురించి ఈమధ్య వరసగా ఉత్తరాలొస్తున్నాయి. నెలకొకటి చొప్పున వేసేకంటే అన్నీ ఒకేసారి వేసేద్దామనిపించింది. లండన్ గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఈ మూల గురించి మన భాషలో రాసింది తక్కువ, నాకేమో ఈ మూల అంటే చాలా ఇష్టం, అందుకని కొన్ని జవాబులు పొడుగైపోయాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి న్యూకాజిల్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. యూనివర్సిటీ పేరు నార్తంబ్రియా, కానీ ఊరు నార్తంబర్లాండ్‌లో లేదంటాడు. ఈ కౌంటీ అంటే మన జిల్లా లాంటిదేనా? ఎంత ఉంటుంది?
(ఒక అమ్మ, రాజమండ్రి)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది కరెక్టేనమ్మా. పాత లెక్కలో న్యూకాజిల్ నార్తంబర్లాండ్‌దే, 1974లో ఇంగ్లాండ్‌లో కౌంటీల హద్దులు మార్చినప్పుడు న్యూకాజిల్‌నీ దాని చుట్టుపక్కల ఊళ్లనీ విడగొట్టి టైన్ అండ్ వేర్ అని కొత్త కౌంటీలో కలిపేశారు. అంటే పెద్ద సిటీ, ఎక్కువ జనం, ఫ్యాక్టరీలు అటు పోయి, కొండలూ పొలాలూ సముద్రతీరమూ బొగ్గు ఊళ్లూ ఇటు మిగిలాయన్నమాట. జిల్లాలు విడగొట్టడం మనకి కొత్త కాదు కాబట్టి ఇది మీకు ఇట్టే అర్థమౌతుంది. కౌంటీ ఆఫీసు ఇప్పుడు మార్పెత్ అనే చిన్న టౌన్‌లో ఉంది, 2009 నుంచి మొత్తం కౌంటీకి ఒకటే కౌన్సిల్.

సైజు సుమారు 5,000 చదరపు కిలోమీటర్లు, జనాభా 2021 లెక్కల్లో 3 లక్షల 20 వేలు. మన జిల్లాల్లో చాలా వాటికి పదిహేను ఇరవై లక్షల జనం ఉంటారు కదా, దాంతో పోల్చుకోండి. ఆ 3 లక్షల్లో కూడా సుమారు సగంమంది ఆగ్నేయం మూల, పాత బొగ్గు గనులున్న చిన్న ముక్కలోనే ఉంటారు. మిగతా కౌంటీలో కారేసుకుని పోతే గొర్రెలే తప్ప మనిషి కనపడని రోడ్లున్నాయి. పడమరా వాయవ్యం చెవియట్ కొండలు, అందులో పెద్దదైన ద చెవియట్ ఎత్తు 815 మీటర్లు, తూర్పున నార్త్ సీ, ఉత్తరాన స్కాట్లాండ్ బోర్డర్. ఒకప్పుడు నార్తంబ్రియా అని రాజ్యం ఉండేది, కింద హంబర్ నది నుంచి పైన ఇప్పుడు ఎడిన్‌బరో ఉన్న చోటు దాకా, యూనివర్సిటీకి ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చింది.

ప్రశ్న: ఫొటోల్లో చూస్తే ఎటు చూసినా కోటలే, కానీ జనం లేరు. అంత పచ్చగా ఉన్న భూమిలో మనుషులెందుకు లేరు? ఏదైనా రోగం వచ్చి పోయారా?
(ఇంటర్ విద్యార్థి, నల్గొండ)

జవాబు: చాలా మంచి ప్రశ్న తమ్ముడూ, ఈ కౌంటీ కథంతా ఇందులోనే ఉంది. చలి, కొండలు, సారం లేని నేల ఇవన్నీ కొంత కారణమే, కాదనను, కానీ అసలు కారణం బోర్డర్. కొన్ని వందల ఏళ్లు రెండు రాజ్యాల మధ్య నలిగిపోయిన నేల ఇది. 1296లో ఇంగ్లాండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ అప్పట్లో స్కాట్లాండ్‌దైన బెరిక్ ఊరి మీద పడి జనాన్ని ఊచకోత కోశాడు, అప్పట్నుంచి 1603 దాకా, అంటే మూడొందల ఏళ్లు, ఇటువాళ్లు అటు తగలబెట్టడం అటువాళ్లు ఇటు తగలబెట్టడం. 1388లో ఆటర్‌బర్న్ యుద్ధం, 1513 సెప్టెంబర్ 9న బ్రాంక్స్‌టన్ ఊరి దగ్గర ఫ్లాడెన్ యుద్ధం, ఆ ఒక్క మధ్యాహ్నం స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్‌తో పాటు వేలమంది చచ్చిపోయారు. అది ఇంగ్లాండ్ గడ్డ మీద, ఇదే కౌంటీలో.

పెద్ద యుద్ధాలు ఎప్పుడో ఒకసారి. మామూలు మనిషి బతుకుని పాడుచేసింది మాత్రం రోజువారీ దోపిడీ. రీవర్లు అంటారు వాళ్లని, గుర్రాల మీద రాత్రిపూట వచ్చి పశువుల్ని తోలుకుపోయేవాళ్లు. ఇందులో దేశభక్తి ఏమీ లేదు, ఇంగ్లాండ్ వాడు ఇంగ్లాండ్ వాణ్ణే దోచుకునేవాడు, ఇంటిపేరే ముఖ్యం. ఇటు నార్త్ టైన్, రీడ్ నదుల లోయల్లో చార్ల్టన్లు, రాబ్సన్లు, మిల్‌బర్న్‌లు, డాడ్‌లు, అటు స్కాట్లాండ్ వైపు ఆర్మ్‌స్ట్రాంగ్‌లు, ఎలియట్లు. రాత్రులు పొడుగ్గా ఉండే నెలల్లోనే ఎక్కువ దాడులు జరిగేవి, పంట ఇంటికొచ్చి పశువులు బలిసి ఉండేది కూడా అప్పుడే కదా. దీనికి ఒక చట్టం కూడా ఉండేది, వింటే ఆశ్చర్యపోతావు. పశువులు పోయినవాడు ఆరు రోజుల్లోపు బోర్డర్ దాటైనా సరే వెంటపడి తెచ్చుకోవచ్చు, ఈటె కొనకి మండుతున్న పీట్ గడ్డ (ఎండబెట్టి కట్టెల్లా వాడే మట్టి) గుచ్చుకుని బహిరంగంగా పోవాలి, దారిలో ఎదురైనవాడు సాయం రావాల్సిందే. హాట్ ట్రాడ్ అనేవారు దీన్ని.

ఇలాంటి చోట ఎవడు ఇల్లు కడతాడు, కట్టినా ఎలా కడతాడు? డబ్బున్నవాడు కోటో బురుజో కట్టుకున్నాడు, అందుకే ఇంగ్లాండ్‌లో ఇంకే కౌంటీలోనూ లేనన్ని కోటలు ఇక్కడున్నాయంటారు. కాస్త కలిగిన రైతు బాసిల్ అనే ఇల్లు కట్టుకున్నాడు. ఈ బాసిల్ గురించి చెప్పకుండా ముందుకి పోలేను. ఒక మీటరు మందం రాతి గోడలు, కింద గదిలో పశువులు, పైగదిలో మనుషులు, కిటికీలంటే సన్నటి చీలికలు, పైకెక్కడానికి నిచ్చెన, దాడి వస్తే నిచ్చెన పైకి లాగేసుకోవడం. పశువుల్ని తోలుకుపోవాలంటే ముందు కింద తలుపు పగలగొట్టాలి, ఆ లోపు పక్క లోయల్నుంచి చుట్టాలు వస్తారని ఆశ. టార్సెట్ లోయలో బ్లాక్ మిడెన్స్ అనే బాసిల్ ఇప్పటికీ ఉంది, టికెట్ లేకుండా చూడొచ్చు. ఆ ఇంటి ముందు నిలబడితే పెద్ద కోటల కంటే ఎక్కువ తెలుస్తుంది, కోటలు రాజుల భయాన్ని చూపిస్తాయి, ఇది నాలుగు ఆవులున్న రైతు భయాన్ని చూపిస్తుంది.

1603లో స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్సే ఇంగ్లాండ్‌కి కూడా రాజయ్యాడు, బోర్డర్‌కి అర్థం లేకుండా పోయింది. రీవర్లని ఉరి తీశారు, కొన్ని కుటుంబాల్ని ఐర్లాండ్‌కి తోలేశారు. శాంతి వచ్చింది కానీ భూమి పెద్ద ఎస్టేట్ల చేతిలో ఉండిపోయింది, వాటిలో పెద్ద పేరు పెర్సీ కుటుంబం, 1309లో ఆనిక్ కోట కొన్నారు, వాళ్ల వంశం వాళ్లే డ్యూక్ ఆఫ్ నార్తంబర్లాండ్ హోదాలో ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. కొండల్లో గొర్రెల పెంపకం మొదలైంది, గొర్రెలకి మనుషులు ఎక్కువమంది అక్కర్లేదు. తర్వాత నేషనల్ పార్క్ వచ్చింది 1956లో, దాదాపు 1,050 చదరపు కిలోమీటర్లు, లోపల ఉండే జనం రెండు వేలు. ఆ పార్కులో కూడా నాలుగో వంతుకి కాస్త తక్కువ భూమి ఆటర్‌బర్న్ దగ్గర ఆర్మీ ఫైరింగ్ రేంజ్. ఇప్పుడు టూరిస్టులు ప్రశాంతత అని ఫొటోలు తీసుకుంటున్న ఆ ఖాళీతనం చాలావరకు మనుషులు చేసిందే, రోగం కాదు.

ప్రశ్న: హేడ్రియన్ గోడే కదా ఇంగ్లాండ్ స్కాట్లాండ్ సరిహద్దు? ఆ నరికేసిన చెట్టు సంగతి కూడా చెప్పండి.
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: కాదండీ, అందరూ అలాగే అనుకుంటారు. గోడ మొత్తం ఇంగ్లాండ్‌లోనే ఉంది. తూర్పు కొసన బోర్డర్ చూస్తే గోడకి దాదాపు వంద కిలోమీటర్లు ఉత్తరాన ఉంటుంది, నార్తంబర్లాండ్‌లో ఎక్కువ భాగం గోడకి అవతలే ఉంది. అసలు గోడ కట్టేనాటికి ఇంగ్లాండ్ లేదు, స్కాట్లాండ్ లేదు. క్రీ.శ. 122లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ మొదలుపెట్టించాడు, ఇప్పటి న్యూకాజిల్ దగ్గర వాల్‌సెండ్ నుంచి పడమటి సముద్రం దాకా 117 కిలోమీటర్లు, కట్టింది మూడు రోమన్ లీజియన్ల (పెద్ద సైనిక దళాల) సైనికులు.

మధ్యలో భాగం ఎందుకంత అందంగా ఉంటుందంటే దానికి కారణం నేల. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల్నుంచి కరిగిన రాయి పొరల మధ్యకి దూరి గట్టిపడింది, దాన్ని విన్ సిల్ అంటారు, చుట్టూ మెత్తరాయి అరిగిపోయి ఈ నల్లరాయి మాత్రం గట్టులా నిలబడింది, ఉత్తరం వైపు నిలువుగా తెగిపోయి ఉంటుంది. రోమన్లు సరిగ్గా ఆ గట్టు అంచు మీదే గోడ పెట్టారు, సగం పని భూమే చేసిపెట్టింది. అదే రాయి తూర్పుకి పోయి బాంబరా కోట కింద కొండగా, లిండిస్‌ఫార్న్ కోట కింద దిబ్బగా, సముద్రంలో ఫార్న్ దీవులుగా తేలుతుంది. ఒక్క రాతిపొర కౌంటీకి కాపలా ఎక్కడ పెట్టాలో ముందే డిసైడ్ చేసేసింది.

గోడ కంటే నాకు ఎక్కువ ఇష్టమైంది పక్కనే ఉన్న విండొలాండా. అక్కడ 1973 నుంచి తవ్వకాల్లో సిరాతో రాసిన పల్చటి చెక్క పలకలు దొరుకుతున్నాయి, పోస్టుకార్డంత సైజువి, మన తాటాకుల్లాగే పల్చగా ఉంటాయి. తడి మట్టిలో గాలి తగలకుండా పడి ఉండబట్టి దాదాపు 1,900 ఏళ్లు బతికాయి. ఏముంటాయనుకున్నారు? సాక్సులూ లోపలి బట్టలూ పంపుతున్నానని ఒక సైనికుడికి ఇంటినుంచి వచ్చిన ఉత్తరం, సరుకుల లెక్కలు, సెలవు అడిగే అర్జీలు. ఒక దాంట్లో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన స్నేహితురాలు సుల్పీసియా లెపిడినాని పుట్టినరోజుకి రమ్మని పిలుస్తుంది, చివర్లో నాలుగు ముక్కలు సొంత చేత్తో రాసింది, లాటిన్‌లో ఆడమనిషి చేతిరాతగా మనకి తెలిసిన వాటిలో చాలా పాతది అది. ప్రపంచం అంచున చలిలో కూచుని నువ్వు రాకపోతే నాకు పండగలా ఉండదు అన్న అర్థంలో రాసిన ఉత్తరం, చదివితే మనసు కదిలిపోతుంది.

గోడ ఇప్పుడు చాలాచోట్ల నడుము ఎత్తే ఉంటుంది, మిగతా రాళ్లన్నీ ఏమయ్యాయంటే చర్చిలయ్యాయి, పొలాల గోడలయ్యాయి, ఇళ్లయ్యాయి. హెక్సమ్ చర్చి కింద నేలమాళిగ 674 ప్రాంతంలో కట్టింది, అందులో రోమన్ రాళ్లు స్పష్టంగా కనపడతాయి. 1750లలో ప్రభుత్వం మిలిటరీ రోడ్డు వేస్తూ కొన్ని మైళ్ల పొడుగునా గోడని పడగొట్టి దాని మీదే రోడ్డేసింది. పందొమ్మిదో శతాబ్దంలో జాన్ క్లేటన్ అనే న్యూకాజిల్ టౌన్ క్లర్కు గోడ ఉన్న పొలాల్ని ఒక్కొక్కటే కొనుక్కుంటూ పోయి రాళ్లెత్తుకెళ్లడం ఆపించాడు కాబట్టి మధ్యభాగం మిగిలింది.

ఇక చెట్టు. సికమోర్ గ్యాప్ అని గట్టులో ఒక పల్లం ఉంటుంది, అందులో ఒక్కగానొక్క చెట్టు. 2023 సెప్టెంబర్ 27 రాత్రి, తెల్లారితే 28, ఎవరో మోటార్ రంపంతో కోసేశారు, చెట్టు గోడ మీద పడి గోడ కూడా దెబ్బతింది. ఇద్దరు మగవాళ్లు దోషులని 2025లో తేలింది, నాలుగేళ్ల మూడు నెలలు జైలు వేశారు. ఎందుకు చేశారన్నది ఎవరికీ అర్థం కాలేదు. ఐతే 2024లో మోడు నుంచి చిగుళ్లు వచ్చాయి, గింజల నుంచీ కొమ్మల నుంచీ పెంచిన మొక్కల్లో 49 దేశమంతా పంచుతున్నారు, చెట్టు ఎత్తు 49 అడుగులు, అడుక్కొకటి అన్నమాట.

ప్రశ్న: సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ బొగ్గు గనులుండేవని విన్నాను, ఇప్పుడు ఏమైనా నడుస్తున్నాయా?
(కొత్తగూడెం పాఠకుడు)

జవాబు: లోతు గనులు ఒక్కటి కూడా లేవండీ. ఆఖరిది ఎల్లింగ్టన్, 2005లో మూసేశారు. కానీ మీరు అడిగారు కాబట్టి మీకు తప్పకుండా చెప్పాల్సిన ఒక సంగతి ఉంది, న్యూ హార్ట్‌లీ ఊళ్లో హెస్టర్ పిట్.

1862 జనవరి 16. ఆ గనికి దిగేందుకూ ఎక్కేందుకూ గాలికీ నీళ్లు తోడేందుకూ అన్నింటికీ ఒకటే షాఫ్టు (నిలువు బావి), మధ్యలో చెక్కల అడ్డం పెట్టి రెండు చేశారంతే. నీళ్లు తోడే ఇంజిన్‌కి 42 టన్నుల పోత ఇనుము దూలం ఉండేది, అది సరిగ్గా షిఫ్టు మారే టైములో విరిగి సగం షాఫ్టులో పడిపోయింది, గోడల్నీ చెక్కల్నీ లాక్కుపోయి దారి పూడ్చేసింది. షిఫ్టు మారే టైము కాబట్టి రెండు షిఫ్టుల వాళ్లూ లోపలే ఉన్నారు. పైన వాళ్లు రాత్రింబవళ్లు తవ్వారు, ఆరు రోజుల తర్వాత లోపలికి చేరితే అందరూ గ్యాసుకి పోయి ఉన్నారు, తండ్రుల పక్కన కొడుకులు, అన్నల పక్కన తమ్ముళ్లు. మొత్తం 204 మంది చనిపోయారు, పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ. ఒక ఊళ్లో ఇంటికి మగదిక్కు లేకుండా పోయిన ఇళ్లెన్నో.

అదే ఏడాది చట్టం చేశారు, ప్రతి గనికీ బయటికొచ్చే దారులు రెండు ఉండాల్సిందేనని. భూగర్భ గనికి రెండు దారులుండాలన్న రూలు మన దేశంలో కూడా ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు, ఎన్నోసార్లు ఆ రెండో దారిలో మీరు నడిచే ఉంటారు. ఆ రూలు వెనక ఇంతమంది ప్రాణాలున్నాయి. ఇయర్స్‌డన్ అనే ఊళ్లో చర్చి పక్కన వాళ్ల స్మారకస్తంభం ఉంది, పేర్లూ వయసులూ చెక్కారు, ఆ వయసులు చదవడం కష్టం.

మిగతాది తొందరగా చెప్తాను. పెద్ద బొగ్గు ఊరు యాషింగ్టన్, ఒకప్పుడు నాలుగు పొలాలు, తర్వాత వరసలు వరసలుగా కార్మికుల ఇళ్లు. ప్రపంచంలోనే పెద్ద గనుల పల్లె అని చెప్పుకునేవారు. పక్కనే వుడ్‌హార్న్ గని 1981లో మూతపడి ఇప్పుడు మ్యూజియం, 1934లో సాయంత్రం క్లాసులో చేరి బొమ్మలు వెయ్యడం మొదలెట్టిన గని కార్మికుల పెయింటింగ్స్ అక్కడ ఉన్నాయి, గని లోపల మనిషి ఎలా వంగి పని చేస్తాడో పని చేసినవాడే గీసిన బొమ్మలు, మీలాంటివాళ్లు చూడాలి. రైలింజన్ కథ కూడా ఇక్కడిదే, బొగ్గు మొయ్యడానికి వైలమ్ గని దగ్గర 1813-14లో తయారైన పఫింగ్ బిల్లీ ఇప్పటికీ మిగిలిన ఆవిరి రైలింజన్లలో అన్నిటికంటే పాతది, జార్జ్ స్టీఫెన్సన్ 1781లో పుట్టింది కూడా వైలమ్‌లోనే, ఆ ఇంట్లో నాలుగు కుటుంబాలు ఉండేవి, వీళ్లది ఒక్క గది. 1966లో ఇంగ్లాండ్‌కి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ తెచ్చిన టీములోని చార్ల్టన్ అన్నదమ్ములు, జాక్, బాబీ, యాషింగ్టన్ గని కార్మికుడి పిల్లలు, వాళ్లమ్మ పుట్టింటి పేరు మిల్‌బర్న్. పైన రీవర్ల పేర్లు చెప్పాను చూడండి, ఆ రెండు పేర్లూ అందులో ఉన్నాయి.

1964లో యాషింగ్టన్‌కి ప్యాసింజర్ రైళ్లు ఆపేశారు. అరవై ఏళ్ల తర్వాత, 2024 డిసెంబర్ 15న, న్యూకాజిల్ నుంచి మళ్లీ మొదలయ్యాయి. గనులు పోయాక పనికోసం సిటీకి పోవాల్సిన పిల్లలకి ఇన్నేళ్లు బస్సే దిక్కయింది, ఇది చాలా ముందే జరగాల్సిన పని అని నా అభిప్రాయం.

ప్రశ్న: కీల్డర్ డ్యామ్ కింద ఊళ్లు మునిగాయా? మాది సాగర్ కింద ముంపు ఊరు, అందుకే అడుగుతున్నా.
(మాచర్ల పాఠకురాలు)

జవాబు: మీ మనసు నాకు అర్థమైందమ్మా. మునిగాయి, కానీ మన దగ్గర మునిగినంత కాదు. ముంపు ప్రాంతంలో చెల్లాచెదురుగా పొలాల ఇళ్లు, ఒక బడి, ఎప్పుడో మూసేసిన రైలు దారి ఉన్నాయి. పెద్ద ఊరంటూ లేదు, ఎందుకు లేదో పైన చెప్పిందే, ఆ లోయ రీవర్ల లోయ. తక్కువమందైనా తాతలనాటి ఇల్లు నీళ్ల కిందకి పోతే ఆ బాధ ఒకటే.

కీల్డర్ వాటర్ కట్టడం 1975లో మొదలై 1981లో అయిపోయింది, 1982లో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. 20,000 కోట్ల లీటర్లు పడుతుంది, మన లెక్కలో సుమారు 7 టీఎంసీలు. బ్రిటన్‌లో మనుషులు కట్టిన జలాశయాల్లో నీళ్లు పట్టే లెక్కన అన్నిటికంటే పెద్దది ఇదే! సాగర్ ఇప్పటి లెక్కే 312 టీఎంసీలు కాబట్టి మీకు నవ్వొస్తుందేమో, కానీ అక్కడ వరి లేదు, కాలవలు లేవు, ఇది ఫ్యాక్టరీలకీ ఊళ్లకీ నీళ్లివ్వడానికి కట్టింది. దక్షిణాన టీస్ నది దగ్గరి టీసైడ్ ప్రాంతంలో స్టీలు, కెమికల్స్ ఇంకా పెరుగుతాయని అంచనా వేశారు, అవేమో పెరక్కపోగా తగ్గిపోయాయి, అంత నీరు అవసరం లేకుండా పోయింది. అనవసరంగా కట్టారని చాలామంది తిట్టారు. ఐతే ఇంగ్లాండ్‌లో మిగతా చోట్ల వేసవిలో నీటికి కటకట పడిన ఏళ్లలో కూడా ఈశాన్యానికి ఆ ఇబ్బంది పెద్దగా రాలేదు, కీల్డర్ నుంచి నీళ్లు నదుల్లోకి వదిలి, సొరంగం ద్వారా టైన్ నది నుంచి వేర్, టీస్ నదులకి మళ్లించొచ్చు. నదుల అనుసంధానం గురించి మన దగ్గర ఇంత చర్చ నడుస్తోంది కదా, చిన్న స్కేలులో అక్కడ నలభై ఏళ్లుగా నడుస్తున్నది అదే.

చుట్టూ ఉన్న అడవి కూడా పాతది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో కలప కొరత వచ్చి బ్రిటన్ భయపడింది, 1926 నుంచి ఇక్కడ నాటడం మొదలెట్టారు, ఎక్కువగా అమెరికా నుంచి తెచ్చిన సిట్కా స్ప్రూస్. ఇప్పుడది సుమారు 650 చదరపు కిలోమీటర్లు, ఇంగ్లాండ్‌లో మనుషులు నాటిన అడవుల్లో అతి పెద్దది. వరసలు వరసలుగా ఒకటే చెట్టు కాబట్టి నాకు పెద్దగా నచ్చదు, నిజం చెప్పాలంటే. కానీ దేశమంతా తగ్గిపోయిన ఎర్ర ఉడతలకి అదే ఆశ్రయం, 2009 నుంచి ఆస్ప్రే అనే చేపలు పట్టే డేగలు కూడా గూళ్లు పెడుతున్నాయి. జనం లేరు కాబట్టి దీపాలూ లేవు, 2013లో ఆ ప్రాంతానికి డార్క్ స్కై పార్క్ గుర్తింపు వచ్చింది, పాలపుంత కంటితో చూడొచ్చు.

ప్రశ్న: ఈ ఏడాది మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం, హోలీ ఐలండ్ చూడాలని ఉంది. పెద్దవాళ్లం, కష్టమా?
(దంపతులు, విశాఖపట్నం)

జవాబు: కష్టం ఏమీ లేదండీ, కానీ టైడ్ టేబుల్ చూడకుండా మాత్రం బయల్దేరకండి. హోలీ ఐలండ్, అంటే లిండిస్‌ఫార్న్, రోజుకి రెండుసార్లు దీవి, రెండుసార్లు కాదు. ఒడ్డు నుంచి వేసిన రోడ్డు పోటు వస్తే మునిగిపోతుంది, ఏ టైము నుంచి ఏ టైము దాకా దాటొచ్చో కౌన్సిల్ ముందే ప్రకటిస్తుంది. ఇంకో పది నిమిషాలే కదా అని వెళ్లి కార్లు నీళ్లలో వదిలేసి, రోడ్డు పక్కన స్తంభాల మీద కట్టిన చెక్కగదిలో ఎక్కి కూచుని రక్షించమని ఫోన్లు చేసేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు. విశాఖవాళ్లకి సముద్రం తెలుసు కానీ ఈ పోటు వేరు, నేల చదును కాబట్టి నీరు చప్పుడు లేకుండా పక్కలనుంచి చుట్టేస్తుంది.

635లో నార్తంబ్రియా రాజు ఆస్వాల్డ్ పిలిస్తే స్కాట్లాండ్ పడమటి తీరంలోని అయోనా దీవి నుంచి ఐడాన్ అనే సన్యాసి వచ్చి ఇక్కడ మఠం పెట్టాడు. తర్వాత వచ్చిన కత్‌బర్ట్ అనే సన్యాసికి పక్షులంటే ప్రాణం, ఫార్న్ దీవుల్లో ఒంటరిగా ఉంటూ అక్కడి ఐడర్ బాతుల్ని ఎవరూ ముట్టుకోకూడదని కట్టడి చేశాడని చెప్తారు, ఇప్పటికీ వాటిని జనం కడ్డీ బాతులంటారు, అంటే ఆయన ముద్దుపేరు. 687లో పోయాడు. ఆయన గౌరవార్థం ఎనిమిదో శతాబ్దం మొదట్లో ఈడ్‌ఫ్రిత్ అనే ఆయన రాసి రంగులేసిన లిండిస్‌ఫార్న్ గాస్పెల్స్ (బైబిల్ సువార్తల పుస్తకం) ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఉత్తరాదివాళ్లు మా పుస్తకం మాకివ్వండని ఎప్పట్నుంచో అడుగుతున్నారు, నాకూ అదే న్యాయమనిపిస్తుంది. 793 జూన్ 8న వైకింగులు పడవల్లో వచ్చి మఠాన్ని దోచుకుని చంపారు, యూరప్ అంతా ఉలిక్కిపడింది. 875లో సన్యాసులు కత్‌బర్ట్ శవపేటిక భుజాన వేసుకుని దీవి వదిలేశారు, ఏళ్ల తరబడి తిరిగి, ఆఖరికి 995లో డరమ్ చేరింది.

మే నుంచి జులై మధ్యలో వెళ్తే సీహౌసెస్ నుంచి బోటెక్కి ఫార్న్ దీవుల్లో పఫిన్ పిట్టల్ని చూడండి. ఆ దారిలోనే లాంగ్‌స్టోన్ లైట్‌హౌస్ కనపడుతుంది. 1838 సెప్టెంబర్ 7 తెల్లారుజామున ఫర్ఫార్‌షైర్ అనే స్టీమరు రాళ్లకి కొట్టుకుని పగిలితే, లైట్‌హౌస్ కాపలాదారు విలియమ్ డార్లింగ్, ఆయన 22 ఏళ్ల కూతురు గ్రేస్ తుఫానులో చిన్న పడవ వేసుకుని పోయి, రెండు విడతల్లో కలిపి తొమ్మిది మందిని బతికించి తెచ్చారు. ఆ అమ్మాయి రాత్రికి రాత్రి దేశమంతా పాపులర్ అయిపోయింది, జనం ఆమె జుట్టు ముక్కలు కావాలని ఉత్తరాలు రాసేవారు, ఆ గోల ఆమెకి ఇష్టం లేదు. నాలుగేళ్లకే టీబీతో 26 ఏళ్లకి చనిపోయింది. బాంబరాలో సమాధి ఉంది.

ప్రశ్న: మన తెలుగు నేలకీ ఆ కౌంటీకీ ఏమైనా చారిత్రక సంబంధం ఉందా?
(హిస్టరీ టీచర్, కడప)

జవాబు: ఒకటి గట్టిది ఉందండీ. కేంబో ఊరి దగ్గర వాలింగ్టన్ అని పెద్ద భవనం, ఎస్టేటు ఉన్నాయి, ట్రెవెల్యన్ కుటుంబానిది. ఆ సర్ చార్లెస్ ట్రెవెల్యనే 1859లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు, అప్పుడు మీ కడపా, మొత్తం కోస్తా, రాయలసీమ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీయే కదా. 1857 తిరుగుబాటు ఖర్చులకని కలకత్తా ప్రభుత్వం కొత్త పన్నులు వేస్తే ఇవి మద్రాసు జనానికి అన్యాయమని బహిరంగంగానే వ్యతిరేకించి తన అభ్యంతరాన్ని పేపర్లలో వేయించేశాడు, దాంతో 1860లో వెనక్కి పిలిచేశారు. మద్రాసులో పీపుల్స్ పార్క్ ఆయన చలవే, తర్వాత తెలుగువాళ్లు పాత పుస్తకాలకి ఎగబడిన మూర్ మార్కెట్ కట్టింది ఆ పార్కు నేలలోనే. ఆయన భార్య హన్నా, మన పాఠాల్లో వచ్చే మెకాలే చెల్లెలు.

ఇక్కడ మంచి చెప్పి ఊరుకుంటే తప్పౌతుంది. ఇదే మనిషి 1845 తర్వాత ఐర్లాండ్ కరువులో లండన్ ఖజానా ఆఫీసరుగా సహాయాన్ని బిగబట్టాడు, ఐర్లాండ్ జనం ఆ పేరుని ఇప్పటికీ క్షమించలేదు. రెండూ ఒకే మనిషి, క్లాసులో చెప్పేటప్పుడు రెండూ చెప్పండి.

వాలింగ్టన్ ఆయనకి 1879లో బంధువు నుంచి వచ్చింది, మనవడు 1941లో నేషనల్ ట్రస్టుకి (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) ఇచ్చేశాడు. ఆ ఇంటి నడిమి హాల్లో విలియమ్ బెల్ స్కాట్ వేసిన పెద్ద పెద్ద గోడ బొమ్మలున్నాయి, రోమన్లు గోడ కట్టించడం, కత్‌బర్ట్, వైకింగుల రాక, గ్రేస్ డార్లింగ్, ఆఖర్న బొగ్గూ ఇనుమూ. పిల్లలకి చరిత్ర చెప్పేవాళ్లు ఆ హాల్లో ఒక పూట గడపొచ్చు.

ప్రశ్న: కారు లేకుండా ఇవన్నీ చూడగలమా?
(ఎమ్మెస్సీ విద్యార్థిని, న్యూకాజిల్)

జవాబు: అన్నీ కాదమ్మా, కొన్ని. గోడకి హెక్సమ్ దాకా రైలు, అక్కణ్ణుంచి ఏడీ122 అనే బస్సు గోడ వెంబడే తిరుగుతుంది, శీతాకాలంలో ట్రిప్పులు తగ్గిపోతాయి కాబట్టి టైమింగ్స్ చూసుకో. బెరిక్‌కి నేరుగా రైలుంది, 13 సార్లు ఇంగ్లాండ్ స్కాట్లాండ్ మధ్య చేతులు మారిన ఊరు, 1482 నుంచి ఇంగ్లాండ్‌దే, ఐనా వాళ్ల ఫుట్‌బాల్ క్లబ్ ఇప్పటికీ స్కాట్లాండ్ లీగుల్లోనే ఆడుతుంది, పదహారో శతాబ్దపు కోటగోడ మీద ఊరు చుట్టూ నడవొచ్చు. ఆనిక్‌కి ఆన్‌మత్ స్టేషన్లో దిగి బస్సు. వుడ్‌హార్న్‌కి కొత్త రైల్లో యాషింగ్టన్ దిగితే చాలు. కీల్డర్‌కి, బ్లాక్ మిడెన్స్‌కి మాత్రం కారున్న ఫ్రెండ్స్‌ని పట్టుకో, డిసెంబర్‌లో ఐతే మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది, పొద్దున్నే బయల్దేరండి, లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.